అనంతగిరి చుట్టుబాటలో చేతి జీపీఎస్: ఒక్క సగటు సదుపాయం కోసం

చేతిలో పట్టుకొని నడిచే ఈ జీపీఎస్ పరికరంలో నన్ను ఇంతకాలంగా కట్టిపడేసిన సదుపాయం ఒక్కటే. ఒక స్థలాన్ని ఒకసారి గుర్తించి ఊరుకోకుండా, వేర్వేరు వేళల్లో మళ్లీ మళ్లీ కొలిచి, ఆ కొలతలన్నింటి సగటును ఆ స్థలం చిరునామాగా, అంటే దాని అక్షాంశ రేఖాంశాలుగా, భద్రపరచడం దాని పని. మెనూలో బాగా లోపల ‘వేపాయింట్ యావరేజింగ్’ అన్న పేరుతో ఉండే ఈ అంశం గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు, ప్రకటనల్లోనూ కనిపించదు. అడవిలో సుదీర్ఘమైన చుట్టునడకనూ, ఒకరు దాచిన డబ్బాను అక్షాంశ రేఖాంశాల సాయంతో మరొకరు వెతికే ఆట అయిన జియోకాషింగ్‌నూ ఒకే రోజులో కలిపి చేయాలనుకునేవారికి మాత్రం ఈ పరికరం విలువ అంతా దీనిలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. తెర, బరువు, నీటిలో తడిసినా పాడుకాకపోవడం వంటివి కొనేవారందరికీ ముందే తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

మా నడక అనంతగిరి కొండల్లో. మూసీ నది పుట్టే ఆ కొండల్లోని అనంత పద్మనాభస్వామి ఆలయం దగ్గర బయలుదేరి, టేకు, మోదుగ, తునికి చెట్ల మధ్య లోయలోకి దిగి, ఎర్రని మొరంనేల పీఠభూమి మీదుగా చుట్టి, మళ్లీ ఆలయం దగ్గరికే చేరే బాట అది. ఎటు నుంచి పోయినా 15, 16 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. దారి పొడవునా వెతికే డబ్బాలు మా బృందంలోని వారు ఒకరికోసం ఒకరు దాచుకున్నవే. జియోకాషింగ్ డాట్ కామ్‌లో నమోదయ్యే డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలన్న నియమాన్నీ, డబ్బా కోసం నేల తవ్వకూడదన్న నియమాన్నీ మేము కూడా పాటిస్తాము. కోతుల బెడద తెలిసినవారం కనుక తినే వస్తువు ఏదీ లోపల పెట్టము. ఒక చిన్న సంతకాల పుస్తకం, పెన్సిల్, పిల్లలు మార్చుకునే ఒకటి రెండు వస్తువులు మాత్రమే ఉంటాయి.

చుట్టుబాటకు ఒక కఠినమైన స్వభావం ఉంది. సగానికి చేరాక వెనక్కి తిరిగినా, ముందుకు సాగినా దూరం ఒకటే. అందువల్ల ఒక్కొక్క డబ్బా దగ్గర వృథా అయిన పావుగంటలన్నీ కలిసి చివరి నాలుగైదు కిలోమీటర్ల మీద, అంటే వెలుతురు తగ్గి కాళ్లు అలసిన వేళ మీద పడతాయి. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేటప్పుడు ఏదైనా మిగిలిపోతే మరునాడు ఉదయం చూసుకోవచ్చు. అనంతగిరిలో ఆ వీలు లేదు. కాబట్టి దాచిన స్థలానికి చెప్పిన చిరునామా పది మీటర్లు తప్పడం ఇక్కడ చిన్న విషయం కాదు.

అసలు ఈ ఆట పుట్టిందే కొలతలోని ఖచ్చితత్వం వల్ల. 2000 మే నెల మొదటి వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలనే తప్పు కలిపేది, దాని వల్ల 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీని ఆపివేసిన వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ సమీపాన ఒక బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించారు. అప్పటి నుంచి నేటిదాకా ఈ ఆటలో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతు దాకా రాస్తారు. ఆ చివరి అంకె ఒకటి మారితే నేల మీద మారేది సుమారు 1.85 మీటర్లే. అంత సన్నని అంకెను రాసేటప్పుడు దానికి తగిన శ్రద్ధతో కొలవాలి కదా.

ఈ శ్రద్ధ విలువ నాకు బోధపడినది ఒక భాద్రపద మాసపు సాయంత్రం, బాటలో మూడింట రెండు వంతులు నడిచిన తరువాత ఎదురయ్యే వాగు దగ్గర. అక్కడి డబ్బాను మా బృందంలో ఒకరు వేసవిలో దాచి, ఫోన్‌తో ఒకే ఒక్కసారి కొలిచి, ఆ అంకెలనే అందరికీ పంపారు. నేనూ, వికారాబాద్‌లో ఉండే మా బావగారూ అక్కడికి చేరేసరికి చెట్లన్నీ నిండుగా ఆకు తొడిగి ఉన్నాయి, ఉదయం కురిసిన వాన ఇంకా కొమ్మల నుంచి చినుకులుగా రాలుతూనే ఉంది. పరికరంలోని బాణం మమ్మల్ని నేరుగా వాగు అవతలి గట్టుకు తీసుకుపోయింది. మోకాలి లోతు నీళ్లలో దాటి, అక్కడి ప్రతి మోడునూ, ప్రతి రాతి సందునూ కర్రతో తట్టి చూశాము. డబ్బా లేదు. వర్షాకాలంలో చేతులు పెట్టి వెతకకూడని చోట్లు చాలా ఉంటాయి కనుక వెతుకులాట మరింత నెమ్మదిగా సాగింది. ఆలయానికి ఇంకా అయిదు కిలోమీటర్లకు పైగా నడక మిగిలి ఉంది.

అప్పుడు మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక కాపరి మమ్మల్ని చూసి ఆగి, “ఏం దేవులాడుతున్నరు సార్, ఏమన్న పోయిందా?” అని అడిగాడు. “పోలేదే తమ్మీ, మా దోస్తు ఒక డబ్బా దాచిండు, అది దొరుకుతలేదు,” అన్నారు బావగారు. ఎప్పుడు దాచారని అడిగి, ఎండకాలంలో అని తెలుసుకొని, అతడు మేము నిలబడిన గట్టును చూపుతూ, “గట్టి వాన పడితే ఇదంతా మునుగుతది. ఈడ పెట్టినోడు మళ్ల కానరాదనే పెట్టాలె,” అన్నాడు. దాచినవారు ఈ ప్రాంతం బాగా ఎరిగినవారు. ముంపు నేలలో డబ్బా పెట్టే మనిషి కాదు. మరి వానకు తడవని చోటు ఇక్కడ ఎక్కడుంది అని అడిగితే, మేము దాటి వచ్చిన ఇవతలి గట్టున పైకి లేచి ముందుకు వంగిన పెద్ద బండను చూపి, వానొస్తే తన మేకలు దాని కిందే నిలబడతాయని చెప్పాడు. డబ్బా ఆ బండ కిందనే, మనిషి ఛాతీ ఎత్తులో ఉన్న ఒక అరలో, పొడిగా, చెక్కుచెదరకుండా ఉంది. బాణం చూపిన చోటికీ దానికీ మధ్య సుమారు 20 మీటర్లు, ఒక వాగు.

తప్పు ఎక్కడ జరిగిందో బండ ముందు నిలబడితే తెలిసిపోతుంది. అది ఆకాశంలో సగభాగాన్ని కప్పివేస్తుంది. ఉపగ్రహ సంకేతాలలో కొన్ని నేరుగా అందవు, కొన్ని రాతికి తగిలి, ఆలస్యంగా, ఎక్కువ దూరం నుంచి వచ్చినట్లు అందుతాయి. అటువంటి చోట ఒక్క కొలతను నమ్మడానికి వీలు లేదు. ఆ సాయంత్రమే బావగారు సగటు సదుపాయాన్ని తెరిచి బండ అంచు దగ్గర మొదటి కొలత తీశారు. పరికరంతో వచ్చిన పుస్తకం 4 నుంచి 8 కొలతలు తీసుకోమని, రెండు కొలతల మధ్య కనీసం 90 నిమిషాల ఎడం ఉంచమని చెబుతుంది. ఆ ఎడం ఊరికే పెట్టినది కాదు. ఒకే చోట పది నిమిషాలు నిలబడి వంద కొలతలు తీసినా, ఆకాశంలో ఉపగ్రహాల అమరిక పెద్దగా మారదు కనుక అన్నింటిలోనూ ఒకే తప్పు ఉంటుంది. అవి చోటు మారిన తరువాత తీసిన కొలతలోనే తప్పు వేరే దిక్కుకు పోతుంది, అప్పుడే ఒక తప్పు మరొక తప్పును సరిచేస్తుంది. ఇందులో మరొక సూక్ష్మం ఉంది. జీపీఎస్ ఉపగ్రహం భూమిని సుమారు 11 గంటల 58 నిమిషాలకు ఒకసారి చుట్టివస్తుంది కాబట్టి ప్రతి రోజూ అదే అమరిక కేవలం 4 నిమిషాలు ముందుగా తిరిగి వస్తుంది. అంటే వచ్చే ఆదివారం అదే గంటకు వెళ్లి కొలిస్తే కొత్తగా తెలిసేది తక్కువ. బావగారి ఇల్లు దగ్గర కావడం వల్ల ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఇలా వేళలు మార్చి మిగిలిన కొలతలు ఆయనే తీసుకువచ్చారు.

దాని ఫలితాన్ని చలికాలంలో కళ్లారా చూశాను. మా బృందంలో కొత్తగా చేరిన ఒకరి కూతురు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, ఈ కొత్త అంకెలు నింపిన పరికరం పట్టుకొని మా అందరికంటే ముందు నడిచింది. వాగు దాకా వచ్చి, దాటకుండా ఆగి, కుడివైపు తిరిగి, బండ కిందికి నడిచి, అరలో చేయి పెట్టకుండా ముందు టార్చ్ వేసి చూసి, “అంకుల్, ఇక్కడే ఉంది!” అని పిలిచింది. మా ఇద్దరికీ అంత సమయం పట్టిన చోట ఆమెకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మిగిలిన సమయమంతా పీఠభూమి అంచున కూర్చొని తెచ్చుకున్న సద్ది తినడానికి దక్కింది. ఈ పరికరం నాకు ఇచ్చిన అత్యంత సంతోషకరమైన పూట అదే.

ఇంత మెచ్చుకున్న తరువాత కొన్ని పరిమితులు కూడా చెప్పాలి. సగటు తీసినంత మాత్రాన ప్రతిచోటా నిజం బయటపడదు. ఆ బండ దగ్గర మేము నిలబడినది అంచున, కొంత ఆకాశం కనిపించే చోట. లోయ అడుగున, మూడు వైపులా రాయి ఉన్న మరొక చోట ఎన్ని వేళల్లో కొలిచినా ఫలితం ఎనిమిది తొమ్మిది మీటర్లు ఒకే దిక్కుకు జరిగి ఉండేది. రాయి ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది కనుక తప్పు కూడా ఒకే వైపు మొగ్గుతుంది, సగటు దానిని తుడిచివేయలేదు. అటువంటి చోట దగ్గరలోని తెరపి నేలను కొలిచి, అక్కడి నుంచి ఏ దిక్కుకు ఎన్ని అడుగులు అన్నది సూచనగా రాయడమే మేలు. పైగా దాచినవారు ఎంత శ్రద్ధగా కొలిచినా వెతికేవారి పరికరం ఆ క్షణాన మూడు నాలుగు మీటర్లు తడబడుతూనే ఉంటుంది.

నా దగ్గర ఉన్నది దిక్సూచి లేని చవక రకం. నిలబడితే బాణానికి దిక్కు తెలియదు, నడుస్తూ ఉంటేనే సరిగ్గా చూపుతుంది. అందుకని డబ్బా దగ్గరపడిన తరువాత ఇరవై అడుగులు వెనక్కి పోయి, రెండు మూడు దిక్కుల నుంచి నడిచి వచ్చి, ఆ దారులు ఎక్కడ కలుస్తాయో చూసుకోవాలి. వెతుకుతూ నిలబడిన సేపు స్థానం అటూ ఇటూ కదలడం వల్ల నడిచిన దూరం కూడా ఎక్కువగా లెక్కకు వస్తుంది. అందువల్ల రోజు చివర తెర మీద కనిపించే కిలోమీటర్లను నేను పట్టించుకోను.

నాకు నిజంగా చికాకు కలిగించినది మరొకటి. రాళ్ల మీద నుంచి గట్టిగా దిగినప్పుడు లోపలి పెన్సిల్ సెల్లులు కదిలి, పరికరం ఉన్నట్టుండి ఆరిపోయేది. సెల్లుకూ మూతకూ మధ్య సన్నని రబ్బరు ముక్క పెట్టిన తరువాత ఆ బాధ తీరింది కానీ, డబ్బు పెట్టి కొన్న వస్తువుకు ఆ పని కొన్నవారు చేసుకోవలసి రావడం నాకు న్యాయంగా తోచలేదు. మే నెలలో కారులో వదిలితే చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ జిగురు కరిగి ఊడి వస్తుంది కూడా. రీచార్జి సెల్లులు వేసేవారు మెనూలో సెల్లు రకాన్ని మార్చుకోవాలి, లేకపోతే మిగిలిన శక్తి తప్పుగా కనిపిస్తుంది.

ఇప్పటి మంచి ఫోన్లలో రెండు పౌనఃపున్యాలను అందుకునేవి ఉన్నాయి, కొన్ని మన నావిక్ ఉపగ్రహాలను కూడా వాడుకుంటాయి. తెరపి నేలలో అవి ఈ పరికరానికి ఏమాత్రం తీసిపోవు. నగరంలోని పార్కులకే పరిమితమయ్యేవారికి, లేదా ఇతరులు దాచినవి వెతకడమే తప్ప తాము దాచని వారికి నేను దీనిని కొనమని చెప్పను. నా పరిస్థితి వేరు: నేను దాచేవాడిని కూడా, నా నడక రోజంతా సాగుతుంది, అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, కొలతల కోసం వేళ కాని వేళల్లో కొండ ఎక్కగల బావగారు అరగంట దూరంలో ఉన్నారు. ఈ చివరిది లేకపోతే హైదరాబాద్ నుంచి ప్రతి కొలతకూ రాకపోకలు సాగేవి కావు, ఈ సమీక్ష కూడా ఇంత ఉత్సాహంగా ఉండేది కాదేమో. పాతది ఎవరైనా అమ్ముతుంటే మాత్రం, చేతిలో ఊపి చూసి ఆరిపోవడం లేదని నిర్ధారించుకొని, మెనూలో సగటు సదుపాయం ఉందో లేదో చూసుకొని తీసుకోవచ్చు. అది లేని రకమైతే, ధర ఎంత తగ్గించినా నేనైతే తీసుకోను.