పాత రికార్డులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునేవాళ్లు జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు ఇళ్లలో గ్రామఫోన్ రికార్డులు దాచుకున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. రికార్డులోని పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానని డబ్బు తీసుకున్న ఒక షాపాయన, మా రికార్డులు తిప్పకుండానే నెట్‌లో దొరికిన పాటలు దింపి మా చేతిలో పెట్టాడు. షాపు పేరు రాయడం లేదు. మీకు ఎదురైతే గుర్తుపట్టేలా మొత్తం చెబుతాను.

పెళ్లి వీడియో క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే షాపు అది. పెట్టెడు రికార్డులు చూసి "రేపు సాయంత్రానికి ఇస్త సార్" అన్నాడు. ఈ మాట ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. ఫైలు కాపీ చేసినట్టు రికార్డును కాపీ చేయడం కుదరదు. పాట ఎంతసేపుంటే అంతసేపూ తిరగాల్సిందే. ఒక ఎల్పీ, అంటే నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద ప్లాస్టిక్ రికార్డు, రెండు వైపులా కలిపి దాదాపు 40 నిమిషాలు. దుమ్ము తుడవడం, పాటలు విడగొట్టడం దానికి అదనం.

మోసం కనిపెట్టింది మా బాపు. ఆయనకు ప్రాణమంతా నాటక పద్యాల మీదే. మా ఇంట్లోని పాత లక్క రికార్డులు వింటూనే పద్యం నేర్చుకున్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టగానే రెండో పాదం దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఇది మనది కాదురా. గొంతు వేరే ఆయనది. రాగం తీసేకాడ టక్ టక్‌మని గీత పడాలె, అదేది?" అన్నాడు. ఒకే పద్యాన్ని ఎందరో నటులు రికార్డు ఇచ్చారు. షాపాయన పద్యం మొదటి మాట కొట్టి, ముందు కనిపించినది దింపేశాడు. సినిమా పాటలైతే మరీ ఘోరం. ఒకదానికి తర్వాతెవరో కలిపిన డ్రమ్ముల మోత ఉంది. నిలదీస్తే "పాట ఒకటే కద సార్, పైగా క్లీన్‌గ ఉంది" అన్నాడు. మాకు కావలసింది మా రికార్డులో ఉన్న ఆ మనిషి గొంతు. నెట్‌లో అది ఎంత వెతికినా దొరకలేదు.

అంతకంటే బాధ కలిగించిన సంగతి ఇంకొకటి. తిప్పని రికార్డులను తుడిచాడు, అదీ స్పిరిట్‌తో. 78 స్పీడు రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలంవి, ఎక్కువగా లక్కతో చేసినవే. వడ్రంగులు ఆ లక్కనే స్పిరిట్‌లో కరిగించి పాలిష్ పెడతారు. నల్లగా నిగనిగలాడే రికార్డు మీద ఇప్పుడు బూడిదరంగు మరకలు, పెడితే బుస్సుమనే చప్పుడు. దీన్ని బాగుచేసే మార్గం లేదు. దయచేసి మీరు ఇంట్లో కూడా స్పిరిట్, శానిటైజర్ దగ్గరికి రానీయకండి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, లేబుల్ తడవకుండా తుడిచి, వెంటనే ఆరబెడితే చాలు.

సూది గురించి కూడా అడగండి. ఎల్పీ సూది మొన 0.018 మిల్లీమీటర్లు ఉంటే, 78 రికార్డు సూది దాదాపు 0.075 ఉంటుంది. సన్న సూది వెడల్పు గాడి అడుగున దిగబడి మురికిని గీకుతుంది, పాటకంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది. రెండు సూదులూ చూపించమనండి. ప్లేయర్ వైరు నేరుగా ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టేవాళ్లను నమ్మకండి. ఎల్పీల్లో రికార్డింగ్ అప్పుడే కింది స్వరాలను తగ్గించి పై స్వరాలను పెంచుతారు. ప్లేయర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే ఫోనో ప్రీయాంప్ అనే పరికరం దాన్ని సరిచేయకపోతే తబలా వినపడదు, గొంతు చెవిలో గుచ్చుకుంటుంది.

ముందు ఒక్క రికార్డే ఇచ్చి, ఏమీ శుభ్రం చేయని వేవ్ ఫైలు (కుదించని ఆడియో ఫైలు) అడగండి. సీడీ నాణ్యత స్టీరియో అయితే నిమిషానికి 10 ఎంబీ ఉంటుంది. కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఒక ఎంబీనే. ఎంపీ3నే వేవ్‌గా మార్చి సైజు పెంచేవాళ్లూ ఉంటారు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, అందులో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (కింది, పై స్వరాలను బొమ్మగా చూపేది) చూడండి. అలాంటి ఎంపీ3లో బాగా పై స్వరాలు పోతాయి కాబట్టి, 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసేసినట్టు ఉంటే అనుమానించండి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష మా బాపు చేసిందే. మీ రికార్డు మీద మీకు తెలిసిన గీత ఆ చోటే వినిపించాలి.

ఇచ్చేముందు రెండు వైపులా ఫొటోలు తీసి, రశీదు మీద రికార్డుల లెక్క, వాటి స్థితి రాయించుకోండి. మాకు రశీదు ఉంది కాబట్టే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇవ్వగలిగాం. అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు.

ఎల్పీలు నేనే ఇంట్లో కంప్యూటర్‌కు ఎక్కిస్తున్నాను. స్పిరిట్ తగలని లక్క రికార్డులు ఇంకా కొన్ని మిగిలాయి. వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల 78 సూది ఉండి, మన ముందే తిప్పి రికార్డు చేసేవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి, బాపును తీసుకుని వస్తాను.