అన్నీ పచ్చ టిక్కులే, బిల్డ్ మాత్రం ఫెయిల్: ఫ్లట్టర్ డాక్టర్ మీద నా రివ్యూ

ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్‌లు తయారు చేయడం నా పని. ఐదేళ్లకు పైగా అందుకు పనికొచ్చే ఫ్లట్టర్ అనే టూల్‌కిట్‌తోనే చేస్తున్నాను. యాప్‌ని రన్ చేసే కమాండ్ తర్వాత టెర్మినల్‌లో నేను ఎక్కువసార్లు కొట్టింది, సిస్టమ్‌లో కావాల్సినవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పే 'ఫ్లట్టర్ డాక్టర్' అనే కమాండే. కొత్త ల్యాప్‌టాప్ చేతికొచ్చినా, బిల్డ్ (కోడ్‌ని యాప్‌గా మార్చే పని) మధ్యలో ఆగిపోయినా, టీమ్‌లో ఎవరైనా "నా దగ్గర రన్ అవ్వట్లేదు" అని మెసేజ్ పెట్టినా ముందు దాన్నే నడిపిస్తాను. అది మంచి సాధనం, అందులో నాకు అనుమానం లేదు. కానీ కొత్తవాళ్లు దాని నుంచి ఆశించేది ఒకటి, అది చేసేది ఇంకొకటి. ఆ తేడా తెలియక నేనూ గంటలు గంటలు పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మంచి సంగతులు. కొత్త సిస్టమ్ సెటప్ చేసేటప్పుడు దీనికి సాటి వచ్చేది నేను చూడలేదు. ఫ్లట్టర్, ఆండ్రాయిడ్ టూల్‌చెయిన్ (ఆండ్రాయిడ్ యాప్ కట్టే సాధనాలు), ఎక్స్‌కోడ్ (ఐఫోన్ యాప్ కట్టే ఆపిల్ సాధనం), క్రోమ్, ఎడిటర్లు, కనెక్ట్ చేసిన ఫోన్లు, నెట్‌వర్క్ ఇలా వరుసగా చూసి, బాగుంటే టిక్కు, అనుమానం ఉంటే ఆశ్చర్యార్థకం, అసలు లేకపోతే ఇంటూ గుర్తు వేస్తుంది. తప్పు చెప్పి వదిలేయదు, ఏ కమాండ్ కొడితే సరవుతుందో కూడా కిందే రాస్తుంది. ఆండ్రాయిడ్ లైసెన్సులు ఒప్పుకోలేదంటే, ఒప్పుకోవడానికి కొట్టాల్సిన కమాండ్ అక్కడే ఉంటుంది. కాపీ చేసి కొట్టడం, వరుసగా వై నొక్కడం, అంతే. ఎర్రర్ మెసేజ్ అంటే ఇలా ఉండాలి అని నాకు నేర్పింది ఈ సాధనమే. ఒక చిన్న మాట: క్రోమ్ లేదనో, డెస్క్‌టాప్ సెటప్ లేదనో ఇంటూ పడితే మొబైల్ యాప్ చేసేవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ఆ లైన్లు మీ పనికి సంబంధం లేనివి.

ఇక అసలు విషయం. డాక్టర్ చూసేది మీ సిస్టమ్‌ని. మీ ప్రాజెక్టుని కాదు. దీన్ని నేను ఒక రిలీజ్ ముందు రాత్రి నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే టెస్టర్లకు బిల్డ్ ఇవ్వాలి. సాయంత్రం ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఎడిటర్ ఆండ్రాయిడ్ స్టూడియో అప్‌డేట్ అడిగితే నొక్కేశాను. 2024లో వచ్చిన లేడీబగ్ వెర్షన్ అది. రాత్రి బిల్డ్ కొడితే స్క్రీన్ నిండా ఎర్రర్లు. మొదట్లోనే 'బగ్!' అని ఆశ్చర్యార్థకంతో ఒక పదం, దాని పక్కన సెమాంటిక్ అనాలిసిస్ అనీ బిల్డ్‌స్క్రిప్ట్ అనీ ఏవేవో. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, మధ్యాహ్నం అదే కోడ్ చక్కగా బిల్డ్ అయింది. కంగారులో అందరూ చేసేదే నేనూ చేశాను: పాత బిల్డ్ ఫైళ్లు తీసేసే ఫ్లట్టర్ క్లీన్ కొట్టాను, ఆండ్రాయిడ్ బిల్డ్‌ని నడిపే గ్రేడిల్ దాచుకున్న క్యాష్ మొత్తం తీసేశాను, మళ్లీ అన్నీ డౌన్‌లోడ్ అయ్యేదాకా కూర్చున్నాను. మళ్లీ అదే ఎర్రర్. డాక్టర్‌ని నడిపితే అన్నీ పచ్చ టిక్కులే, ఏ ఇబ్బందీ లేదని చివర్లో ఒక లైను. అప్పుడు కలిగే నిస్సహాయత ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

దారి దొరికింది ఎర్రర్‌ని పైనుంచి నెమ్మదిగా చదివినప్పుడే. 'వాట్ వెంట్ రాంగ్' అనే మాట కింద 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అని ఉంది. ఈ 65 జావా వెర్షన్‌కి ఇంకో పేరు. అందులోంచి 44 తీసేస్తే అసలు జావా నంబర్ వస్తుంది. 65 అంటే జావా 21, 61 అని వస్తే జావా 17. లేడీబగ్ తనతోపాటు జావా 21 తెచ్చుకుంది. ఫ్లట్టర్‌కి మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చిన జావానే వాడుకుంటుంది. నా ప్రాజెక్టులో ఉన్నది గ్రేడిల్ 7.6. జావా 21 మీద నడవాలంటే గ్రేడిల్ కనీసం 8.5 ఉండాలి. జావా బాగుంది, గ్రేడిల్ బాగుంది, ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు. సిస్టమ్ వరకే చూసే డాక్టర్‌కి నా ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉన్న గ్రేడిల్ వెర్షన్ లెక్కలోకే రాదు.

ఎర్రర్ అడుగున గీతల పెట్టెలో 'ఫ్లట్టర్ ఫిక్స్' అనే శీర్షికతో ఈ మాటే రాసి ఉంది: మీ గ్రేడిల్‌కీ జావాకీ కుదరడం లేదు, డాక్టర్‌ని వెర్బోస్‌గా (పూర్తి వివరాలతో) నడిపి జావా వెర్షన్ చూసుకోండి, గ్రేడిల్ వెర్షన్ ఈ ఫైల్‌లో మార్చండి అని, ఫైలు దారితో సహా. నేను చదవలేదు. ఎర్ర అక్షరాలు చూడగానే చెయ్యి క్లీన్ కమాండ్ మీదకు పోయింది. ఆ పెట్టెని తయారు చేసినవాళ్లకి నేను నిజంగా రుణపడి ఉన్నాను. మీ స్క్రీన్ మీద అది కనిపిస్తే దయచేసి ముందు దాన్ని చదవండి.

అందుకే చెబుతున్నాను, ఉత్త డాక్టర్ సగమే. కమాండ్ చివర హైఫన్ వి (-v, అంటే ఆ వెర్బోసే) చేర్చి నడపండి. అప్పుడు జావా ఏ ఫోల్డర్ నుంచి వస్తోంది, దాని వెర్షన్ ఎంత, ఎక్స్‌కోడ్ ఎంత, ఐఫోన్ యాప్‌కి కావాల్సిన లైబ్రరీలు తెచ్చే కోకోపాడ్స్ ఎంత, అన్నీ కనిపిస్తాయి. ఈ మధ్య వెర్షన్లలో జావా లైను కింద ఇది ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చిందని చెప్పి, మార్చుకోవాలంటే కొట్టాల్సిన కాన్ఫిగ్ కమాండ్ కూడా ఇస్తున్నారు. ఆ రాత్రి నేను చేసిందీ అదే. సిస్టమ్‌లో ఉన్న పాత జావా 17 వైపు ఫ్లట్టర్‌ని తిప్పాను, వెనకాల నడుస్తున్న గ్రేడిల్ డెమన్‌ని ఆపాను, మళ్లీ బిల్డ్ కొట్టాను. అయిపోయింది.

అది తాత్కాలికం. తర్వాతి వారం తీరిగ్గా గ్రేడిల్ పెంచాను. గ్రేడిల్ పెంచితే, దానికి ఆండ్రాయిడ్ యాప్ కట్టడం నేర్పే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ పెంచాలి. అది 8కి వెళ్తే ప్రతి మాడ్యూల్‌లో నేమ్‌స్పేస్ (దాని ప్యాకేజీ పేరు) రాసి ఉండాలి. నా కోడ్‌లో రాసుకోవచ్చు, కానీ యాప్‌లో వాడుతున్న, ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని ఒక పాత ఫ్లట్టర్ ప్లగిన్‌లో అది లేదు. 'నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్' అని బిల్డ్ ఆగింది. దాన్ని తీసేసి వేరేది పెట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. కాబట్టి ఈ వెర్షన్లు పెంచే పని రిలీజ్ ముందు ఎప్పుడూ పెట్టుకోకండి.

ప్రాజెక్టుని చూసే సాధనం వేరే ఉంది, చాలామందికి తెలియదు. ఫ్లట్టర్ అనలైజ్‌కి 'సజెషన్స్' అనే ఆప్షన్ ఇచ్చి ప్రాజెక్టు ఫోల్డర్‌లో నడిపితే జావాకీ గ్రేడిల్‌కీ, గ్రేడిల్‌కీ ఆండ్రాయిడ్ ప్లగిన్‌కీ కుదురుతుందో లేదో చెబుతుంది. ఇది డాక్టర్‌లోనే కలిసి ఉంటే ఎంత బాగుండేదో. నేను ఐదుకి నాలుగు ఇవ్వడానికి, ఆ ఒక్క మార్కు తగ్గించడానికి కారణం ఇదొక్కటే.

ఫ్లట్టర్ క్లీన్ గురించి ఒక మాట. అది బిల్డ్ ఫోల్డర్‌నీ డార్ట్ టూల్ ఫోల్డర్‌నీ తీసేస్తుంది. పాత ఫైళ్లు మిగిలిపోయి గొడవ చేస్తుంటే పనికొస్తుంది. వెర్షన్లు కుదరనప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా తర్వాతి బిల్డ్ మొదటి నుంచి మొదలవుతుంది. హోమ్ ఫోల్డర్‌లోని గ్రేడిల్ క్యాష్ జోలికి అది పోనే పోదు. అన్ని రోగాలకూ ఒకటే మందు అన్నట్టు వాడటం నేనైతే మానేశాను.

బిల్డ్ పాసయ్యాక వచ్చే తప్పులు ఇంకో రకం. మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, నా ఫోన్‌లో బాగానే ఉంది. టెస్టర్లు స్టోర్ నుంచి దింపుకుంటే మాత్రం లాగిన్ దగ్గరే తిరుగుతూ ఉందంట" అన్నాడు. సర్వర్ చూశాం, ఒక్క రిక్వెస్ట్ కూడా రాలేదు. "మెయిన్ మానిఫెస్ట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ ఉందా చూడు" అన్నాను. (యాప్‌కి కావాల్సిన అనుమతులు రాసుకునే ఫైలే మానిఫెస్ట్.) లేదు. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టు తయారు చేసేటప్పుడు ఇంటర్నెట్ పర్మిషన్‌ని డీబగ్, ప్రొఫైల్ ఫోల్డర్లలో ఉన్న మానిఫెస్ట్‌లలోనే పెడుతుంది, మెయిన్‌లో పెట్టదు. మనం పరీక్షించుకునే డీబగ్‌లో నెట్ వస్తుంది, స్టోర్‌కి వెళ్లే రిలీజ్‌లో రాదు. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, డాక్టర్ ఒక్క మాట చెప్పడు. ఒక్క లైను చేర్చాం, సరిపోయింది. అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం ఉంది: స్టోర్‌కి పంపే ముందు రిలీజ్ మోడ్‌లో నిజమైన ఫోన్ మీద ఒకసారి నడపాలి. రిలీజ్ బిల్డ్‌ని చిన్నది చేసే ఆర్‌8 అనే సాధనం అవసరం లేదనుకుని తీసేసిన క్లాసుల వల్ల వచ్చే క్రాష్‌లు కూడా ఇక్కడే దొరుకుతాయి.

ఐఫోన్ వైపు, స్టోర్‌కి పంపే ఫైలు కట్టే బిల్డ్ ఐపీఏ కమాండ్ నాకు బాగా నచ్చింది. వెర్షన్, బిల్డ్ నంబర్, యాప్ పేరు, బండిల్ ఐడీ అన్నీ బిల్డ్ సమయంలోనే చూపిస్తుంది. ఐకాన్ ఇంకా ఫ్లట్టర్ ఇచ్చిన డిఫాల్ట్‌దే అయితే మార్చమని గుర్తు చేస్తుంది. ఆండ్రాయిడ్ బండిల్ (ప్లే స్టోర్‌కి పంపే ఫైలు) కట్టేటప్పుడు ఇంత శ్రద్ధ కనిపించదు. కొత్త ప్రాజెక్టులో రిలీజ్ బిల్డ్ కూడా డీబగ్ కీతోనే సైన్ అయ్యేలా ఉంటుంది, పక్కన చేయాల్సిన పని అని ఒక కామెంట్ మాత్రం ఉంటుంది. ఆ కామెంట్ చదవకపోతే బిల్డ్ విజయవంతం అంటుంది, స్టోర్‌కి యాప్ ఎక్కించే ప్లే కన్సోల్ మాత్రం డీబగ్ మోడ్‌లో సైన్ చేశారని తిప్పి పంపుతుంది. వెర్షన్ కోడ్ ఇప్పటికే వాడేశారన్న ఎర్రర్ కూడా అక్కడే తగులుతుంది. ప్రాజెక్టు వివరాల ఫైలు పబ్‌స్పెక్‌లో ప్లస్ గుర్తు తర్వాత ఉన్న నంబరే ఆ వెర్షన్ కోడ్, దాన్ని ప్రతి అప్‌లోడ్‌కీ పెంచాలి, ముందున్న మూడు అంకెలు ఎంత మార్చినా లాభం లేదు.

స్టోర్ నిబంధనల తేదీలు కూడా డాక్టర్ పరిధిలో లేవు. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ ఆండ్రాయిడ్ 15ని, అంటే ఏపీఐ 35ని టార్గెట్ చేయాలని ప్లే స్టోర్ నియమం పెట్టింది. 2025 నవంబర్ 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీ సైజుకి (ఫోన్ మెమరీని విడగొట్టే ముక్క పరిమాణానికి) కూడా సిద్ధంగా ఉండాలన్నారు. ఈ రెండోది మనం ఫ్లట్టర్ యాప్ రాసే డార్ట్ కోడ్‌తో తేలేది కాదు. ఏదో ఒక ప్లగిన్ లోపల ముందే కంపైల్ చేసి పెట్టిన పాత లైబ్రరీ ఉంటే చాలు, బండిల్ ఇరుక్కుంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఏపీకే అనలైజర్‌లో బండిల్ తెరిచి అలైన్‌మెంట్ కాలమ్ చూస్తే ఏ లైబ్రరీ పాతదో తెలిసిపోతుంది. మాకు అలా ఒకటి దొరికింది, ప్లగిన్ వెర్షన్ పెంచితే పోయింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డాక్టర్‌ని నమ్మకంగా వాడండి. ప్రాజెక్టులు పాతబడినవాళ్లు మాత్రం దాని పచ్చ టిక్కుల దగ్గర ఆగిపోకండి. నేను ఇప్పుడు చేసే పని ఒకటి చెబుతాను. ప్రతి రిలీజ్ సక్రమంగా వెళ్లిన రోజు, డాక్టర్ హైఫన్ వి ఇచ్చిన మొత్తాన్ని ఒక టెక్స్ట్ ఫైల్‌గా ప్రాజెక్టులోనే దాచి కమిట్ చేస్తాం. ఏదైనా ఆగినప్పుడు ఆ రోజుదీ ఈ రోజుదీ పక్కపక్కన పెట్టి చూస్తాం.

మొన్న ఐఓఎస్ బిల్డ్ ఆగింది. కోకోపాడ్స్ కమాండ్ పాడ్ ఇన్‌స్టాల్ దగ్గర 'ఆబ్జెక్ట్ వెర్షన్ 70' తనకు తెలియదంటోంది. ఎవరి కోడ్‌లోనూ తేడా లేదు. రెండు ఫైళ్లు తెరిస్తే ఎక్స్‌కోడ్ లైను 16కి మారింది, కోకోపాడ్స్ లైను మాత్రం పాతదే. కొత్త ఎక్స్‌కోడ్‌లో ఎవరో ఒక ఫోల్డర్ చేర్చితే ప్రాజెక్టు ఫైలు కొత్త ఫార్మాట్‌లోకి వెళ్లింది, పాత కోకోపాడ్స్‌కి అది అర్థం కాలేదు. కోకోపాడ్స్ అప్‌డేట్ చేశాం, పది నిమిషాల్లో బిల్డ్ బయటికొచ్చింది. ఆ లైను పట్టుకున్నది ఇంటర్నెట్ పర్మిషన్ కోసం ఫోన్ చేసిన ఆ తమ్ముడే.