ఇంట్లో కలుపుకునే వేప్ ద్రవాల కిట్: సీసాలు బాగున్నాయి, కొలతే లేదు

తిరుపతి, చిత్తూరు నుంచి పై చదువుల కోసం బ్రిటన్ వెళ్లే విద్యార్థుల్లో కొందరు అక్కడ సిగరెట్టు మాని ఈ-సిగరెట్టుకు, అంటే వేప్‌కు, మారుతున్నారు. ఖర్చు తగ్గించుకోవడానికి వాటిలో పోసే ద్రవాన్ని గదిలోనే కలుపుకోవచ్చని ఎవరో చెబితే, అది ఎంతవరకు సాధ్యమని అడుగుతున్నారు. ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి నేను తెప్పించుకున్న కిట్ గురించి, ఇప్పుడు తిరుపతిలో ఉంటూ, వారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. మన దేశంలో 2019లో వచ్చిన చట్టం ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, రవాణాను, అమ్మకాన్ని, నిల్వను, ప్రకటనలను నిషేధించింది. తయారీ, అమ్మకం వంటి నేరాలకు మొదటిసారి ఏడాది వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నిల్వ ఉంచినందుకు 6 నెలల వరకు జైలు గానీ, 50 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అందువల్ల ఈ కిట్‌ను ఇక్కడికి తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నకు తావే లేదు. నేను చెప్పేదంతా బ్రిటన్‌లో వాడకానికి సంబంధించినది.

30 పౌండ్ల లోపు ధర పెట్టి కొన్న ఈ కిట్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్ సీసా ఒకటి, వెజిటబుల్ గ్లిజరిన్ సీసా ఒకటి, పండ్ల రుచులూ వెనిలా కస్టర్డూ కలిపి కొన్ని ఫ్లేవర్ల చిన్న సీసాలు, సూది మొన లేని సిరంజిలు, ఖాళీ సీసాలు, ఒక కరపత్రం ఉన్నాయి. గ్లైకాల్ పలుచన, రుచిని బాగా మోస్తుంది, గొంతుకు కొంచెం ఘాటుగా తగులుతుంది. గ్లిజరిన్ చిక్కన, తియ్యగా ఉండి పొగను దట్టంగా ఇస్తుంది. ఈ రెండింటి నాణ్యత గురించి నాకు ఫిర్యాదు లేదు. సీసాల మీద ఫార్మా గ్రేడు ముద్ర, బ్యాచ్ నంబరు, గడువు తేదీ స్పష్టంగా ఉన్నాయి, పిల్లలు తెరవలేని మూతలు గట్టిగా బిగుసుకున్నాయి.

లోపమంతా కొలతలో ఉంది. కిట్‌లో కాటా లేదు. కరపత్రం మాత్రం ఫ్లేవరును చుక్కల్లో లెక్కపెట్టమంటుంది. చుక్క పరిమాణం సీసా మూతికి ఉన్న రంధ్రాన్ని బట్టి, ద్రవం చిక్కదనాన్ని బట్టి మారిపోతుంది. ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలు అనేది ఉజ్జాయింపు మాత్రమే. 30 మిల్లీలీటర్ల సీసాలో తీపి కోసం వేసే సుక్రలోజ్ ద్రావణం అర శాతం కావాలంటే సుమారు 3 చుక్కలు పడాలి. చెయ్యి వణికి ఇంకొక్క చుక్క పడితే తీపి మూడో వంతు పెరుగుతుంది, ఆ తీపి కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగ చుట్ట) మీద మాడి, దానిలోని కొత్త దూది కూడా త్వరగా నల్లబడుతుంది. సిరంజితో కొలుద్దామంటే గ్లిజరిన్‌ను లాగడమే ఒక శ్రమ. ఇంగ్లండు చలికాలంలో అది బిగుసుకుపోయి, సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే తప్ప కదలదు. లాగిన తరువాత గాలి బుడగలు నిలిచిపోయి గీత ఎక్కడుందో తెలియదు.

అనుభవం ఉన్నవాళ్లు చాలామంది తూకంతోనే కలుపుతారు, అదే సరైన పద్ధతి. గ్లైకాల్ ఒక మిల్లీలీటరు సుమారు 1.04 గ్రాములు, గ్లిజరిన్ సుమారు 1.26 గ్రాములు తూగుతుంది. ఈ రెండు అంకెలు తెలిస్తే, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద ఖాళీ సీసా పెట్టి, ఒక్కొక్కటీ పోసిన తరువాత కాటాను సున్నాకు తెచ్చుకుంటూ, సిరంజి అవసరమే లేకుండా పని ముగించవచ్చు. ఆ కాటా కిట్ ధరను మరీ పెంచేది కాదు. దాన్ని వదిలేసి అయిదు సిరంజిలు ఇవ్వడం, కరపత్రంలో ఈ సాంద్రతల ప్రస్తావనైనా చేయకపోవడం, కొత్తవాళ్ల కోసం తయారుచేశామని చెప్పుకునే సరుకులో క్షమించదగినది కాదని నా అభిప్రాయం.

నికోటిన్ కిట్‌లో ఉండదు, విడిగా కొనుక్కోవాలి. బ్రిటన్‌లో 2016 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం నికోటిన్ ఉన్న ద్రవం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. అందుకే మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న 10 మిల్లీలీటర్ల చిన్న సీసాలను ‘షాట్’ పేరుతో అమ్ముతారు. నికోటిన్ లేని 50 మిల్లీలీటర్ల ద్రవంలో ఒక షాట్ కలిపితే మొత్తం 60 మిల్లీలీటర్లలో 180 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు వస్తాయి. ఇక్కడివరకు కరపత్రం సరిగానే చెప్పింది. అయితే ఫ్లేవరు శాతాన్ని అది 50 మిల్లీలీటర్ల మీద లెక్క కట్టింది. 12 శాతమని 6 మిల్లీలీటర్లు పోస్తే, షాట్ కలిసేసరికి అది 10 శాతానికి దిగిపోతుంది. రుచి చప్పగా ఉందని మళ్లీ ఫ్లేవరు పోసేవాళ్లు నికోటిన్‌ను పలుచన చేస్తున్నామని గమనించరు. 6 మిల్లీగ్రాములు కావాలనుకునేవారికి మొత్తంలో మూడో వంతు షాటే అవుతుంది కాబట్టి లెక్క ఇంకా తప్పుతుంది. ఎప్పుడూ చివరి పరిమాణం మీదనే శాతం వేసుకోవాలి.

నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుందన్న హెచ్చరిక కరపత్రంలో చిన్న అక్షరాలలో ఉంది గానీ, చేతి తొడుగులు కిట్‌లో లేవు. నలుగురు కలిసి ఉండే అద్దె ఇంట్లో, అన్నం వండుకునే గట్టు మీదే ఈ పని చేసే విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు.

ఫ్లేవర్లలో మామిడి చాలా కృత్రిమంగా ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి తోతాపురి, బేనీషా వాసనల మధ్య పెరిగినవాళ్లు దాన్ని మామిడి అని ఒప్పుకోరు. నిమ్మ, దాల్చినచెక్క రుచులు బాగున్నాయి గానీ, వాటిలోని సారాలు ఈ-సిగరెట్టులో ద్రవం నింపే కొన్ని రకాల ప్లాస్టిక్ ట్యాంకులను పగలగొడతాయి. గాజు ట్యాంకు లేకపోతే వాటి జోలికి పోకూడదు. వెనిలా కస్టర్డు కలిపిన రోజున మందు వాసన కొడుతుంది, వెలుతురు తగలని చోట కొన్ని వారాలు ఉంచితే గానీ రుచి కుదురుకోదు. పండ్ల రుచులకు కొద్ది రోజులు చాలు.

ఇక్కడ నన్ను అడిగినవాళ్లలో ఒకరు, గాంధీ రోడ్డులో దొరికే బేకరీ ఎసెన్సూ మెడికల్ షాపు గ్లిజరినూ కలిపితే అదే కదా అన్నారు. కాదు. కేకులో తినడానికి పనికొచ్చేది ఊపిరితిత్తుల్లోకి పీల్చడానికి పనికొస్తుందన్న హామీ ఏదీ లేదు. నూనె ఆధారంగా చేసిన ఎసెన్సును వేడిచేసి పీల్చితే న్యుమోనియా వంటి జబ్బు రావచ్చు. వెన్న రుచినిచ్చే డయాసిటైల్ తినడానికి ఇబ్బంది లేనిదే అయినా, పాప్‌కార్న్ కర్మాగారాల్లో దాన్ని పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో ఈ-ద్రవాల్లో దాని వాడకాన్ని నిషేధించారు. అమెరికాలో 2019లో వేప్ వాడినవారిలో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ భాగం గంజాయి సారం ఉన్న ద్రవాలు వాడినవారే, వాటిలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌కు ఆ జబ్బుతో గట్టి సంబంధం ఉందని తేల్చారు. ఇక గ్లైకాల్, గ్లిజరిన్‌లను విడిగా డబ్బాల్లో కొనడం మరీ ప్రమాదం. 2025లో మధ్యప్రదేశ్‌లో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందు, చిత్తూరుకు అంత దూరం కాని కాంచీపురం జిల్లాలో తయారైనదే. అందులో దొరికిన విషం డైఇథిలీన్ గ్లైకాల్. గ్లైకాల్, గ్లిజరిన్‌లలో అది కలిసిందో లేదో రంగు, వాసన, రుచి చూసి ఎవరూ కనిపెట్టలేరు. కిట్ సీసాల మీది గ్రేడు ముద్రకు, బ్యాచ్ నంబరుకు నేను విలువ ఇచ్చింది ఇందుకే.

డబ్బు మిగులుతుందా అంటే, నెలకు చాలా సీసాలు వాడేవారికి మిగులుతుంది, తక్కువ వాడేవారికి కాటా, షాట్లు, పారబోసిన ప్రయోగాలు కలుపుకుంటే పెద్దగా మిగలదు. పైగా నికోటిన్ లేని ద్రవానికి కూడా వర్తించేలా 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్ల పన్నును 2026 అక్టోబర్ 1 నుంచి వేయాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది కాబట్టి పాత లెక్కలు నమ్మి కొనకూడదు. సిగరెట్టు తాగని విద్యార్థి దీన్ని అసలు కొనవలసిన పనే లేదు. ఇప్పటికే వేప్ వాడుతూ, కాటా విడిగా కొనుక్కుని, కరపత్రాన్ని పక్కన పడేసి తూకంతో కలిపే ఓపిక ఉన్నవారికి మాత్రమే ఇది పనికొస్తుంది. మూల ద్రవాలకు 5కు 4, ఫ్లేవర్లకు 2, కొలత సామగ్రికి, కరపత్రానికి కలిపి 1.