సిమ్ బేస్‌బాల్‌లో టీం కొంటున్నారా? డబ్బు కట్టేముందు రొటేషన్ పేజీ చూడండి

డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ బేస్‌బాల్ సిమ్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్ల అంకెలతో కంప్యూటర్ గేమ్‌లు ఆడించే లీగ్) టీం తీసుకుందామనుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. ఒక సైటులో సీజన్ టీం కొన్నవాళ్లందరికీ ఒకే దెబ్బ తగులుతోంది. రాత్రి పెట్టిన స్టార్టర్ (గేమ్ మొదలుపెట్టే పిచర్, అంటే బంతి వేసేవాడు) పొద్దున్న బాక్స్ స్కోర్‌లో (గేమ్ అంకెల పట్టికలో) ఉండడు. మూడు రోజుల కిందట 110 పిచ్‌లు వేసినవాడే మళ్లీ మౌండ్ (పిచర్ బంతి వేసే దిబ్బ) ఎక్కి, రెండో ఇన్నింగ్స్ దాటకుండానే చితికిపోయి ఉంటాడు. సపోర్ట్‌కు రాస్తే, మీ సెట్టింగ్స్ ప్రకారమే ఇంజిన్ (గేమ్‌లు ఆడించే ప్రోగ్రామ్) ఆడింది అని ఒక్క ముక్క జవాబు. మొదటి గేమ్ నడిచిందంటే రీఫండ్ ఊసే ఉండదు. సైటు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరు ఇంకెక్కడ ఎదురైనా కట్టేముందే పసిగట్టడానికి ఏం చూడాలో రాస్తున్నాం.

అసలు లోపం రొటేషన్ (స్టార్టర్లు వంతులవారీగా దిగే వరుస) పేజీలోనే ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా పేర్లు పెడతాం, బాగానే ఉంది. ఆ వరుసను ఇంజిన్ రెండు రకాలుగా చదవొచ్చు. మొదటిది, పెట్టిన వరుస పెట్టినట్టే: సెలవు రోజు వచ్చినా రెండోవాడి తర్వాత మూడోవాడే. రెండోది, విశ్రాంతి తీరినవాళ్లలో పైన ఉన్నవాడు: సెలవు రోజు రాగానే ఐదోవాడిని దాటేసి ఏస్ (అందరిలో మేటి స్టార్టర్) దిగుతాడు. నిజానికి రెండో పద్ధతే మెరుగు, విశ్రాంతి ఎంత శాతం తీరితే దించాలో మనం పెట్టుకోగలిగితే. ఈ సైటులో ఆ శాతం పేజీలో ఎక్కడా కనిపించదు, లోపల బాగా తక్కువగా పెట్టి ఉంచారు. పైగా రోస్టర్‌లో (జట్టు జాబితాలో) ఏ మార్పు చేసినా, ఒక రిలీవర్ని (స్టార్టర్ తర్వాత దిగే పిచర్ని) కిందికి పంపినా సరే, మొదటి పద్ధతిలో ఉన్న టీం చెప్పాపెట్టకుండా రెండోదానికి మారిపోతుంది. పేజీ మీద పేర్ల వరుస మాత్రం మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

దీని నష్టం ఒక్క గేమ్‌తో పోదు. 162 గేమ్‌ల సీజన్‌లో ఐదుగురి రొటేషన్ అయితే ఒక్కొక్కరికి 32 లేదా 33 స్టార్ట్‌లు, నలుగురితో నడిపితే 40 లేదా 41. వేర్వేరు కాలాల ఆటగాళ్లను కలిపి ఆడే లీగుల్లో చాలావరకు, పిచర్‌ని ఏ ఏడాదివాడిగా కొన్నారో ఆ ఏడాది అతను నిజంగా వేసిన ఇన్నింగ్సే అతని సత్తువ. 200 ఇన్నింగ్స్ ఉన్నవాడు గేమ్‌కు ఆరు వేస్తే 33 స్టార్ట్‌లకు సరిపోతాడు, అంటే ఐదుగురి రొటేషన్‌కు సరిగ్గా అతుకుతాడు. అతన్నే ఇంజిన్ నాలుగు గేమ్‌లకొకసారి దింపుతూ పోతే 132వ గేమ్ నాటికి కోటా అయిపోతుంది. మిగిలిన 30 గేమ్‌లు, సరిగ్గా ప్లేఆఫ్ రేసు నడిచే సమయంలో, అలసిపోయినవాడితో ఆడాలి. అందుకే చాలామందికి సంగతి సీజన్ చివర్లో గానీ బయటపడదు. అప్పటికి ఫిర్యాదు గడువు దాటిపోయి ఉంటుంది.

ఎవరిని ఏ రొటేషన్‌కు కొంటున్నారో ముందే తేల్చుకోండి. 1968 బాబ్ గిబ్సన్‌కు 34 స్టార్ట్‌లలో 304 ఇన్నింగ్స్, పైన రెండు ఔట్లు ఉన్నాయి. 41 స్టార్ట్‌లు వేయించినా గేమ్‌కు ఏడు పైచిలుకు వస్తాయి, నలుగురి రొటేషన్ తట్టుకుంటాడు. 2000 నాటి పెడ్రో మార్టినెజ్ వేసినవి 29 స్టార్ట్‌లలో 217 ఇన్నింగ్సే. 41 స్టార్ట్‌లంటే గేమ్‌కు ఐదుకు కొంచెం పైన. ఆరో ఇన్నింగ్స్ నుంచి బుల్‌పెన్ (రిలీవర్ల బృందం) మోయాల్సిందే, ఆ మేరకు రిలీవర్ల ఇన్నింగ్స్ కూడా కొని పెట్టుకోవాలి. ధర చూసేటప్పుడు ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు, తక్కువైతే మేలు) ఒక్కటే చూడకండి. గిబ్సన్ 1.12, పెడ్రో 1.74 అయినా, గిబ్సన్ ఆడిన ఏడాది నేషనల్ లీగ్ సగటు 2.99, పెడ్రో ఏడాది అమెరికన్ లీగ్ సగటు 4.91. కాలాన్ని బట్టి అంకెలను సరిచేసే ఇంజిన్‌లో పెడ్రో బంతే గట్టిది. సరిచేయని ఇంజిన్‌లో 1968 పిచర్లు, 2000 నాటి బ్యాటర్లు అందరూ చవకగా దొరికిన బంగారమే. సరిచేస్తారా లేదా అన్నది రూల్స్ పేజీలో రాసి లేకపోతే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇక లైనప్. డీహెచ్ (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) ఉన్న గేమ్‌లూ లేని గేమ్‌లూ రెండూ ఉండే లీగ్‌లో నాలుగు లైనప్‌లు నింపాలి: కుడిచేతి పిచర్ మీదా, ఎడమచేతి పిచర్ మీదా, ఒక్కోదానికి డీహెచ్‌తో ఒకటి, డీహెచ్ లేకుండా ఒకటి. అమెరికన్ లీగ్‌కు డీహెచ్ 1973లోనే వచ్చినా, నేషనల్ లీగ్‌కు శాశ్వతంగా వచ్చింది 2022లో. మధ్య ఏళ్ల సీజన్ ఆడుతుంటే ఏ మైదానంలో ఏ రూలో కచ్చితంగా చూసుకోవాలి. ఈ సైటులో ఒక్క లైనప్ ఖాళీగా ఉన్నా హెచ్చరిక రాదు, ఇంజిన్ తనకు తోచినట్టు నింపేస్తుంది. ఎడమచేతి పిచర్ వచ్చిన రోజున షార్ట్‌స్టాప్‌లో ఫస్ట్ బేస్‌మన్ నిలబడి ఉంటాడు, ఎర్రర్ల కాలమ్ చూస్తే గానీ తెలియదు.

బ్యాటర్లకూ కోటా ఉంటుంది. లీడాఫ్ (మొదటి బ్యాటర్) స్థానానికి గేమ్‌కు సుమారు 4.6 ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్ వంతులు), తొమ్మిదో స్థానానికి సుమారు 3.8 వస్తాయి. 600 ఉన్నవాడిని పైన పెడితే 130వ గేమ్ దగ్గరే అయిపోతాడు, కింద పెడితే దాదాపు సీజనంతా వస్తాడు. క్యాచర్‌కు రెండో మనిషి లేకుండా ఏ టీమూ కొనకండి. డబుల్‌హెడర్ (ఒకే రోజు రెండు గేమ్‌లు) రోజున రెండు గేమ్‌లకూ ఒకే క్యాచర్‌ని దించే ఇంజిన్లు ఉన్నాయి.

ఇప్పటి ఆటగాళ్లతో ఆడే లీగ్ అయితే ఒక్క ప్రశ్నతో ఇంజిన్ స్థాయి తెలిసిపోతుంది: పిచర్‌గా మొదలుపెట్టి డీహెచ్‌గా కూడా ఆడుతున్న ఒహ్తానీని మౌండ్ నుంచి దించేస్తే బ్యాటింగ్‌లో ఉంటాడా? 2022 నుంచి అసలు ఆటలో ఉండొచ్చు. లేడు అన్నారంటే ఇంజిన్‌లో రూల్స్ పాతవే ఉన్నాయి, మిగతావీ సందేహించాల్సిందే.

ఉచితంగా ట్రయల్ టీం ఇస్తే దాంట్లో ఈ పరీక్ష చేయండి. రొటేషన్ పెట్టి సేవ్ చేయండి, ఒక రిలీవర్ని మార్చండి, లాగౌట్ అయి మళ్లీ వచ్చి రొటేషన్ పద్ధతి అలాగే ఉందో లేదో చూడండి. తర్వాత సెలవు రోజు వచ్చేదాకా ఆగి ఎవరు దిగారో చూడండి. సెలవు రోజు లేని ట్రయల్‌తో ఏమీ తేలదు. లైనప్ గడువు సర్వర్ టైమ్‌లోనా, మీ టైమ్‌లోనా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఇప్పటికే కొని మధ్యలో ఉన్నవాళ్లు రోస్టర్ ముట్టుకున్న ప్రతిసారీ రొటేషన్ పేజీకి వెళ్లి పద్ధతిని మళ్లీ ఎంచుకుని సేవ్ చేయండి. ఏస్‌కు విశ్రాంతి తీరలేదనిపిస్తే ఆ ఒక్క గేమ్‌కు అతన్ని రొటేషన్ నుంచి పూర్తిగా తీసేయండి, పేరు కిందికి జరిపితే చాలదు. సేవ్ చేశాక టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, పొద్దున్న బాక్స్ స్కోర్‌తో కలిపి పెట్టుకోండి. రెండూ తేడాగా ఉంటే ఆ రోజే టికెట్ పెట్టండి, ఎందుకంటే ఈ సైటులో ఆడిపోయిన గేమ్‌ను తర్వాత తిరగతోడరు.