లాంగ్ క్యూటీ: మాత్రలా, నరాల ఆపరేషనా, ఐసీడీయా?

లాంగ్ క్యూటీ అనేది గుండె లయ తప్పించే వారసత్వ జబ్బు. అది ఉన్నవారి గుండె స్కానింగ్‌లో మామూలుగానే కనిపిస్తుంది. తేడా ఈసీజీలో ఉంటుంది; అందులో క్యూటీ అనే వ్యవధి పొడవుగా కనిపిస్తుంది. ఒక్కో స్పందన తర్వాత గుండె కండరం విద్యుత్తుపరంగా తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఆ వ్యవధిలో సింపథెటిక్ నరాలు (శ్రమ, ఉద్వేగాల్లో గుండెను పరుగెత్తించేవి) ఒక్కసారిగా నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదిలితే లయ తప్పి మనిషి కుప్పకూలిపోతాడు. ఈ జబ్బులో ముఖ్యంగా మూడు రకాలు. లయ తప్పించేవి మొదటి రకంలో ఈత, పరుగు. రెండో రకంలో అలారం, ఫోన్ మోత. మూడో రకంలో ముప్పు ఎక్కువగా నిద్రలోనే.

మొదలుపెట్టాల్సింది గుండెపై అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలతోనే. అందులోనూ నడోలాల్, ప్రొప్రనలాల్ మేలు. అన్నీ ఒకటే కదా అని మెటొప్రొలాల్‌కు మార్చడం పొరపాటు. ప్రొప్రనలాల్ రోజు మొత్తానికి కిలో బరువుకు సుమారు 2 నుంచి 4 మి.గ్రా.; పిల్లల బరువు పెరిగితే మోతాదూ పెంచాలి. ఆస్తమా ఉంటే ఇవి ఇబ్బందే. మందు పనిచేయలేదనుకునే చాలా సందర్భాల్లో అసలు కారణం మాత్ర మానేయడమో, అజిత్రోమైసిన్, డాంపెరిడోన్ లాంటి క్యూటీని పెంచే మందులు వేసుకోవడమో. ఇవి మన మందుల షాపుల్లో ఎంత తేలిగ్గా దొరుకుతాయో తెలిసిందే! వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయినా అంతే.

మందు సరిగ్గా వేసుకుంటున్నా స్పృహ తప్పుతుంటే, ఎడమవైపు సింపథెటిక్ నరాల ఆపరేషన్ ఆలోచించాలి. మెడ అడుగున ఉండే స్టెల్లేట్ గ్యాంగ్లియాన్ (ఈ నరాల ముడి) కింది సగాన్ని, ఛాతీలోని రెండు నుంచి నాలుగో గ్యాంగ్లియాన్లను తీసేస్తారు. పై సగం జోలికి వెళ్తే ఎడమ కనురెప్ప వాలిపోతుంది. 2004లో ప్రచురితమైన 147 మంది ఫలితాల్లో ఏటా వచ్చే ఘటనలు (స్పృహ తప్పడం, గుండె ఆగడం లాంటివి) సగటున 91 శాతం తగ్గాయి. అయితే ఆ తర్వాత ఒక్క ఘటనా లేనివారు 46 శాతమే. కాబట్టి ఆపరేషన్ అయ్యాక మాత్రలు ఆపకూడదు.

ఐసీడీ అంటే ఒంట్లో అమర్చే షాక్ యంత్రం. అది లయ తప్పకుండా ఆపదు, తప్పాక షాకిస్తుంది. ఒకసారి గుండె ఆగి బతికినవారికి అది తప్పనిసరి. మెలకువలో తగిలే షాక్ నొప్పి, భయం మళ్లీ అడ్రినలిన్‌ను ఎగదోస్తాయి. దాంతో మరో షాక్, ఆపై ఇంకోటి. సీపీవీటీలో (శ్రమ, ఉద్వేగాలతో లయ తప్పే మరో వారసత్వ జబ్బు) ఈ గొలుసే ప్రాణం తీయొచ్చు. పైగా చిన్న వయసులో పెడితే తీగలు తెగడం, బ్యాటరీ కోసం మళ్లీ మళ్లీ కోతలు. ఐసీడీ ఉండీ షాకులు ఆగకపోతే, సెట్టింగులు మార్చడంతో సరిపెట్టకుండా నరాల ఆపరేషన్‌కు పంపడమే మంచిది.

మూడో రకంలో లెక్క కొంచెం వేరు. అక్కడ బీటా బ్లాకర్‌కు మెక్సిలెటిన్ అనే లయను సరిచేసే మందు జోడించి, ఈసీజీలో క్యూటీ నిజంగా తగ్గిందో లేదో చూశాకే కొనసాగిస్తారు.