ఓషన్ స్ప్రింగ్స్: పదిహేడు మెట్ల బస, తాళం వేసిన గది

ఫస్ట్ ఫ్లోర్ అని రాసిన ఇంటికి 17 మెట్లున్నాయి. అర్ధరాత్రి దాటాక, వాన తుంపరలో, 76 ఏళ్ల మా నాన్న ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ ఎక్కుతుంటే వెనక నేను, ముందు మా ఆయన. ఆ దృశ్యం నాకింకా కళ్లముందే ఉంది. అందుకే ఆ సంగతి ముందు చెబుతాను.

మేముండేది హ్యూస్టన్‌లో. మార్చిలో పిల్ల బడికి వసంతం సెలవులిచ్చారని మిసిసిపీ తీరంలో ఓషన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరికి రెండు రాత్రులకని బయల్దేరాం. బుక్ చేసేముందు ఇంటి యజమానికి నేను రాసిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. "మా నాన్నగారికి మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కలేరు, మీ ఇంటికి మెట్లున్నాయా?" అని సూటిగానే అడిగాను. "అంతా ఒకే లెవెల్, ఫస్ట్ ఫ్లోర్" అని జవాబు వచ్చింది. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేలమీది అంతస్తే కాబట్టి నిశ్చింతగా డబ్బు కట్టేశాను. తీరా చూస్తే ఇల్లు మొత్తం ఎత్తైన స్తంభాల మీద ఉంది. 2005లో కత్రినా తుపాను ఉప్పెన ఈ తీరాన్ని ఊడ్చేశాక ఇక్కడ చాలా ఇళ్లు అలాగే ఎత్తులో కట్టారు. లోపల అంతా ఒకే లెవెల్ అన్నది నిజమే. ఆ లెవెల్‌కి చేరాలంటే 17 మెట్లు ఎక్కాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

డబ్బు లెక్క కూడా చెబుతాను. రాత్రికి 149 డాలర్లని చూపించారు. రెండు రాత్రులకి 298. శుభ్రం చేసినందుకు 95, సర్వీస్ ఫీజు 58, పన్ను 41 కలిపి 492 అయింది. అంటే రాత్రికి 246 డాలర్లు. పైగా వెళ్లేటప్పుడు దుప్పట్లు తీసి ఉతకడానికి వేయాలి, గిన్నెలు కడగాలి, చెత్త బయట పెట్టాలి అని గోడమీద కాగితం అంటించారు. అన్నీ మేమే చేస్తే ఆ 95 డాలర్లు దేనికని ఉదయమే ఫోన్ చేసి అడిగాను. మెట్ల సంగతి ఎందుకు చెప్పలేదని కూడా అడిగితే, ఫొటోలో మెట్లు కనిపిస్తున్నాయి కదా అన్నారు. 31 ఫొటోల్లో ఒక్కదాంట్లో, ఒక చెట్టు వెనక, సగం మెట్లు కనిపిస్తున్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా సలహా ఒక్కటే: ఈ తీరంలో ఎక్కడ దిగినా "కారు దిగిన చోటినుంచి మంచం దాకా ఎన్ని మెట్లు?" అని అడిగి, అంకె రాయించుకోండి. లేదా హైవే పక్కన లిఫ్ట్ ఉన్న మామూలు హోటల్ తీసుకోండి. అందం లేకపోయినా నిద్ర పడుతుంది.

అసలు ఈ ఊరికి ఎందుకు వెళ్లామంటే ఒక కొంగ బొమ్మ వల్ల. మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది మిసిసిపీ. ఆవిడ గోడ క్యాలెండర్‌లో నీళ్లలో నిలబడ్డ కొంగ ఒకటి ఉండేది. కొంగకీ, నీటికీ, గడ్డికీ ఒకటే గీత. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. ఎవరు వేశారని అడిగితే వాల్టర్ ఆండర్సన్ అంది. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటూ, వీలున్నప్పుడల్లా మ్యూజియాలకు వెళుతూ, నేను ఆ పేరు వినలేదు. ఆయన 1903లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టాడు. ఫిలడెల్ఫియాలో బొమ్మలు నేర్చుకున్నాడు. 1928లో అన్న పీటర్ ఓషన్ స్ప్రింగ్స్‌లో షియర్‌వాటర్ పాటరీ అనే కుండల కార్ఖానా పెడితే, అందులో కుండలకి నగిషీలు వేస్తూ బతికాడు.

నాన్న జీవితమంతా డ్రాయింగ్ మాస్టారు. ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చి, మూడో వారానికే విసుగెత్తి కూర్చున్నారు. ఆ క్యాలెండర్ ఫొటో చూపిస్తే కళ్లద్దాలు తీసి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "వీడికి చెయ్యి ఆగదమ్మాయ్" అన్నారు. అంతే, బయల్దేరాం. మా ఆయనకి న్యూ ఆర్లియన్స్‌లోనే ఆగిపోవాలని ఉంది. దారి పొడుగునా ఆ మాట అంటూనే ఉన్నారు. హ్యూస్టన్ నుంచి ఇంటర్‌స్టేట్ 10 మీద 430 మైళ్ల పైచిలుకు. లూసియానాలో అచాఫలాయా చిత్తడి మీదుగా 18 మైళ్ల వంతెన ఒక్కటే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి చూసిన చోటు. పులిహోర, పెరుగన్నం బ్యాటన్ రూజ్ దాటేలోపు అయిపోయాయి.

మర్నాడు ఉదయం వాల్టర్ ఆండర్సన్ మ్యూజియం. 1991లో తెరిచారు. నలుగురికీ టికెట్లు మేము బసలో శుభ్రానికి కట్టిన డబ్బు కన్నా తక్కువకే వచ్చాయి. మ్యూజియానికి ఆనుకునే ఊరి కమ్యూనిటీ సెంటర్ ఉంది. 1951లో ఆ హాలు గోడలన్నీ ఆయన బొమ్మలతో నింపాడు. ఒకవైపు 1699లో ఫ్రెంచివాళ్లు ఈ తీరాన దిగడం, ఇంకోవైపు గ్రహాల పేర్లతో ఏడు రకాల వాతావరణాలు, వాటి నిండా పక్షులూ జంతువులూ. ఆ పనికంతటికీ ఆయన తీసుకున్న కూలి 1 డాలర్. అప్పట్లో ఊళ్లో చాలామందికి ఆ గోడలు నచ్చలేదట. ఇప్పుడు ఆ గోడల్ని చూడ్డానికే మాలాంటివాళ్లు వందల మైళ్లు వస్తున్నారు. నాకు కోపం వచ్చింది, ఎవరిమీదని చెప్పలేను. బతికున్నప్పుడు పక్కింటివాళ్లకి కూడా పట్టని మనిషి.

మ్యూజియంలో ఒక గోడకి పొడవాటి అద్దకం బొమ్మలున్నాయి. లినోలియం అనే మెత్తటి పలకలు చెక్కి, గోడలకి అతికించే కాగితం చుట్టల వెనకవైపు అద్దినవి. మామూలు ఇళ్లవాళ్లు కూడా కొనుక్కోవాలని వాటిని అడుగు 1 డాలర్ లెక్కన అమ్మేవాళ్లు. నాన్న అక్కడ ఆగిపోయారు. ఆయన ఉద్యోగంలో చివరి పదకొండేళ్లూ పెడనలో పనిచేశారు. కలంకారీ అద్దకం వాళ్ల పిల్లలే ఆయన శిష్యులు. టేకు అచ్చు చెక్కేవాడికి ఏ గీత నిలుస్తుందో, ఏది విరుగుతుందో ఆయనకి తెలుసు. "చూడు, ఇక్కడ ఉలి జారింది. జారిన గీతనే తోకలో కలిపేశాడు" అని చూపించారు. నేనొక్కదాన్నే అయితే ఆ బొమ్మ ముందు అర నిమిషం నిలబడి వెళ్లిపోయేదాన్ని. మెలిక, అల, అరచందమామ, సున్నా, ఇలా కొన్ని మూలరూపాలతోనే ఏ బొమ్మైనా కట్టే పద్ధతిని ఆండర్సన్ మెక్సికో చిత్రకారుడు బెస్ట్ మౌగార్డ్ దగ్గరనుంచి తీసుకున్నాడని అక్కడి వాలంటీరు పెద్దావిడ చెప్పింది. నేను తెలుగులో చెబితే నాన్న తల ఊపి, "మా వాళ్లు లతలు అల్లేదీ అంతే" అన్నారు.

ఆ పెద్దావిడ గురించి ఒక్క మాట చెప్పాలి. నాన్న గోడకి ఆనుకుని నిలబడటం చూసి, అడక్కుండానే లోపలికెళ్లి కుర్చీ తెచ్చింది. ఆయన ఏ బొమ్మ దగ్గరికి వెళితే అక్కడికి కుర్చీ జరిపింది. ముందురాత్రి మెట్ల మీద జరిగినదానికి ఈ ఊరంటే నాకున్న కోపం సగం అక్కడే పోయింది.

చివర్లో ఉంటుంది ఆ గది. లిటిల్ రూమ్ అంటారు. 1930ల చివర ఆండర్సన్‌కి మనసు చెదిరింది, చాలా ఆసుపత్రులు తిప్పారు. మిసిసిపీలోని ఆసుపత్రినుంచి దుప్పట్లు ముడివేసి కిందికి దిగి పారిపోతూ, ఆ ఇటుక గోడమీద సబ్బుతో ఎగిరే పక్షుల్ని గీశాడట. తర్వాత కొన్నేళ్లు భార్యాపిల్లలతో ఉన్నాడు. 1940ల చివర వాళ్లనీ వదిలి పాటరీ ఆవరణలో ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. అందులో ఒక గదికి ఎప్పుడూ తాళమే. ఎవరినీ రానిచ్చేవాడు కాదు. 1965 నవంబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆ తర్వాత భార్య ఆగ్నెస్ తాళం తీయించి చూస్తే నాలుగు గోడలూ, కప్పూ రంగులే. ఆ గదినే మొత్తంగా తెచ్చి మ్యూజియంలో పెట్టారు.

తెల్లవారడంతో మొదలై రాత్రితో ముగిసే ఒక రోజు ఆ గోడలమీద ఉంటుంది. కోడిపుంజు, కొంగలు, లేడి, పిల్లి, చిమ్మెటలు. తలెత్తితే కప్పు మీద ఒకే పెద్ద జినియా పువ్వు. ఫొటోల్లో చూస్తే రంగులు ఎక్కువయ్యాయేమో అనిపించింది నాకు. లోపల అలా లేదు. మామూలు చెక్క పలకల గది, పలకల సందులు కూడా కనిపిస్తాయి. మా అమ్మాయి అప్పటిదాకా ఎప్పుడు వెళదామని గొణుగుతూనే ఉంది. ఆ గదిలో మాత్రం నోరెత్తకుండా పిల్లి ముందు నేలమీద చతికిలబడింది. మా ఆయన బయటికొచ్చాక, "ఎవరికీ చూపించనప్పుడు అంత పని ఎందుకు చేశాడు?" అని ఆ రోజంతా అడుగుతూనే ఉన్నారు. న్యూ ఆర్లియన్స్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ చిన్న ఇంట్లో ఒక పెట్టెనిండా నీటిరంగుల బొమ్మలు కూడా దొరికాయి. అవన్నీ మామూలు టైపు కాగితాల మీదే. సుమారు 12 మైళ్ల దూరంలో హార్న్ ఐలాండ్ అనే నిర్జన దీవి ఉంది. చిన్న పడవలో తనే తెడ్డు వేసుకుంటూ అక్కడికి వెళ్లి, వారాల తరబడి, తిరగేసిన పడవ కింద పడుకుంటూ అవి వేశాడు. 1965 సెప్టెంబరులో బెట్సీ తుపాను వచ్చినప్పుడు అందరూ పారిపోతే ఆయన దీవిలోనే ఉండిపోయాడనీ, చెట్టుకి కట్టేసుకుని గాలివాన చూశాడనీ ఇక్కడ అందరూ చెబుతారు.

ఈ మాట నాన్నకి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. 1977లో నాన్న నాగాయలంకలో అద్దె గదిలో ఉండి పాఠాలు చెప్పేవారు. నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఒక పెళ్లికని బెజవాడలో ఉన్నారు. అలా బతికారు. తిరిగి వెళితే గది లేదు, ట్రంకు పెట్టెలోని ఏడేళ్ల బొమ్మలు లేవు, పక్కింటి కుటుంబం లేదు. ఆ తర్వాత పిల్లలకి నేర్పడం తప్ప తనకోసం బొమ్మ వెయ్యలేదు. చెప్పాను చివరికి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెట్టు పట్టుకుని బతికినవాళ్లని నేను చూశాను. వాళ్లెవరూ చూడ్డానికి పట్టుకోలేదు. అది వేరమ్మాయ్" అన్నారు. కాసేపాగి, "కాగితాలు తడవకుండా ఎలా తెచ్చుకునేవాడో కనుక్కో" అన్నారు. పెద్దావిడని అడిగాను. చెత్త వేసే రేకు డబ్బాలో సామానుతో పాటు పెట్టుకునేవాడని చెప్పింది. కత్రినా ఉప్పెనలో షియర్‌వాటర్ ఇళ్లు చాలా కూలిపోయాయనీ, కుటుంబం దాచిన బొమ్మలు నీళ్లలో నానిపోతే ఏళ్ల తరబడి బాగుచేయిస్తున్నారనీ కూడా చెప్పింది. నాన్న, "బాగుచేసేవాళ్లున్నారు, అదృష్టవంతుడు" అన్నారు.

మధ్యాహ్నం వంతెన దాటి బిలాక్సీలో వియత్నాం వాళ్ల హోటల్లో తిన్నాం. 1970ల చివరనుంచి ఇక్కడ రొయ్యల పడవల మీద బతుకుతున్న వియత్నాం కుటుంబాలు చాలా ఉన్నాయి. అన్నం, పైన వేయించిన రొయ్యలు, పక్కన చేప సాసులో పచ్చిమిర్చి. నలుగురికి టిప్పుతో కలిపి 61 డాలర్లు. అమెరికా వచ్చాక నాన్న రెండోసారి అన్నం అడిగింది అక్కడొక్కచోటే. రొయ్య తలకాయతో సహా వండారని సంబరపడ్డారు. కాసినో హోటళ్లలో బఫేకి వెళ్లమని అందరూ చెబుతారు. వెళ్లకండి, ఇక్కడ తినండి.

సాయంత్రం డేవిస్ బయూ పార్కు, చూడ్డానికి పైసా ఖర్చు లేదు. రెండోరోజు షియర్‌వాటర్ పాటరీలో ఒక నీలం గిన్నె కొన్నాం. తర్వాత నాన్న అడిగారని మళ్లీ మ్యూజియానికే వెళ్లాం.

హార్న్ ఐలాండ్‌కి మాత్రం వెళ్లలేకపోయాం. గల్ఫ్‌పోర్ట్ నుంచి ఫెర్రీ ఉంది కానీ అది షిప్ ఐలాండ్‌కి. హార్న్ ఐలాండ్‌కి సొంత పడవ ఉండాలి, లేదా అద్దెకు మాట్లాడుకోవాలి. మేము అడిగిన పడవాయన సగం రోజుకి 550 డాలర్లన్నాడు. ఉదయం గాలి చూసి తనే ఫోన్ చేసి, ఈ రోజు పెద్దాయనతో వద్దన్నాడు. అడ్వాన్సు కూడా తీసుకోలేదు. అక్కడ జెట్టీ ఉండదనీ, మోకాలిలోతు నీళ్లలో దిగి నడవాలనీ కూడా ముందే చెప్పాడు. మెట్ల సంగతి దాచిన ఇంటివాళ్లకీ ఈయనకీ ఎంత తేడా!

ఇంటికొచ్చాక బుకింగ్ కంపెనీకి మెసేజ్ స్క్రీన్‌షాట్లు, మెట్ల ఫొటోలు పంపాను. రెండుసార్లు కుదరదన్నారు. మూడోసారి మా ఆయన గట్టిగా రాస్తే పదకొండో రోజున శుభ్రం ఫీజు 95 డాలర్లు వెనక్కి వేశారు. మిగతా 397 రాలేదు, ఇక రాదు. నాన్న తిరుగు టికెట్టు జూన్ 20న. మే నెలలో గాలి తగ్గిన ఒక శనివారం ఖాళీగా ఉందేమో చూడమని మా ఆయన నిన్న పడవాయనకి మెసేజ్ పెట్టారు. దిగేటప్పుడు పెద్దాయన్ని ఇద్దరం చెరోవైపు పట్టుకుంటామని కూడా రాశారు.