వార్డుకు మంచి మార్కులే, జ్ఞాపకశక్తి పరీక్షకు మాత్రం కాదు

మా బావగారిని 28 రోజులు ఉంచిన ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రం గురించి, తమవారిని అలాంటి చోట చేర్చాలనుకునే వారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఆయన మిర్చి వ్యాపారి దగ్గర పాతికేళ్లు గుమస్తాగా పనిచేసి, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కను కాగితం చూడకుండా చెప్పగలిగిన మనిషి. ఆ కొలువు పోయాక ముందు మనసు కుంగి, తర్వాత తాగుడు పెరిగి, చివరికి పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తులేని స్థితికి వచ్చారు.

మొదటి వారం వైద్యానికి వంక పెట్టలేను. తాగుడు హఠాత్తుగా ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే మతిభ్రమణం ప్రాణం మీదికి తేగలదని ముందే చెప్పి, రాత్రిళ్లు కూడా నర్సులు నాడి, బీపీ చూసుకుంటూ వచ్చారు. గ్లూకోజు సెలైన్ కంటే ముందు బి1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్ ఇచ్చారు. ఏళ్ల తరబడి తాగినవారిలో ఈ విటమిన్ లోపం వెర్నికే అనే మెదడు వ్యాధికీ, దాన్ని గుర్తించకపోతే కొత్త సంగతులేవీ మనసులో నిలవని కొర్సకాఫ్ స్థితికీ దారితీయవచ్చు కాబట్టి, ఆ ఒక్క జాగ్రత్తకే ఈ వార్డుకు మంచి మార్కులు వేస్తాను.

నా అభ్యంతరమంతా బిల్లులో విడిగా వేసిన జ్ఞాపకశక్తి పరీక్ష మీదే. చేరిన నాలుగో రోజున, తాగుడు ఆపినప్పటి బాధలకు ఇచ్చే లోరాజెపామ్ మందు మత్తు ఇంకా దిగకముందే, బావగారిని కూర్చోబెట్టి మోకా పరీక్ష పెట్టారు. గడియారం బొమ్మ గీయడం, నూరులోంచి ఏడేసి తీసివేస్తూ పోవడం, ఐదు మాటలు విని కాసేపటికి తిరిగి చెప్పడం వంటివి ఇందులో ఉంటాయి. మొత్తం 30 మార్కులకు 26 వస్తే సాధారణమని లెక్క. ఆయనకు 17 వేశారు. పన్నెండేళ్లకు మించి చదువుకోని వారికి ఒక మార్కు కలపాలన్న నియమం ఉండగా, పదో తరగతితో ఆపేసిన ఆయనకు దాన్ని కలపనే లేదు. అంతటితో ఆగక, ఇక లెక్కల పని ఆయన వల్ల కాదని మా అక్కతో చెప్పేశారు.

తాగుడు ఆపిన తొలి రోజుల్లో మెదడు పనితీరును కొలిస్తే తెలిసేది ఆనాటి స్థితే తప్ప మిగిలిపోయే నష్టం కాదు. కనీసం రెండు మూడు వారాలైనా మద్యం లేకుండా గడిచాకే ఆ అంకెకు విలువ ఉంటుంది. కుంగుబాటు తోడైతే చిక్కు మరింత పెరుగుతుంది. తాగుడు ముఖ్యంగా ప్రణాళిక వేసుకునే శక్తినీ, బొమ్మలను, దూరాలను పోల్చుకునే శక్తినీ దెబ్బతీస్తే, కుంగుబాటు ఏకాగ్రతను, వేగాన్ని తగ్గించి, అసలు ప్రయత్నించాలన్న ఇచ్ఛనే చంపేస్తుంది. ఏడో వారంలో మరోచోట పరీక్షించిన క్లినికల్ సైకాలజిస్టు గమనించింది ఇదే: బావగారు తప్పు జవాబుల కంటే "ఏమోనమ్మా, తెలీదు" అన్నవే ఎక్కువ, కాస్త ఆగి మళ్ళీ అడిగితే వాటిలో సగం సరిగ్గా చెప్పారు. ఈసారి 24 వచ్చింది. పరీక్ష ఒకసారి రాసిన అలవాటుతోనూ కొంత పెరుగుతుందని ఆమె ఆ ఒక్క అంకెను నమ్మక, అంకెలను వెనక నుంచి చెప్పించడం, కాగితం మీద వాటిని వరుసగా గీతతో కలిపించడం వంటివి కూడా చేయించారు. వాటిలో ఆయన ఇంకా నెమ్మదే. మద్యం మానిన కొన్ని వారాలకు చాలామందిలో దిగులు దానంతటదే తగ్గుతుంది గానీ, ఈయనది తాగుడు కంటే ముందే మొదలైంది, తగ్గలేదు కూడా. అందుకే దానికి విడిగా మందు మొదలుపెట్టారు. ఈ ముందూ వెనకల సంగతి మొదటి కేంద్రంలో ఎవరూ అడగలేదు.

కౌన్సెలింగులోనూ ఇదే పొరపాటు కనిపించింది. మొదటి వారం నుంచే గంటసేపు ఉపన్యాసం చెప్పి, మర్నాడు అప్పజెప్పమనేవారు, మరచిపోతే నిర్లక్ష్యమని రాసుకునేవారు. మా అక్క రోజుకు రెండే మాటలు నోటుబుక్కులో రాసి, మంచం పక్కన పెట్టి చదివించడం అంతకంటే బాగా పనిచేసింది.

భోజనం, శుభ్రత, సిబ్బంది మర్యాద బాగానే ఉన్నాయి. చేర్చదలిస్తే చేర్చండి, కానీ జ్ఞాపకశక్తి పరీక్షను డిశ్చార్జి ముందు రోజులకు మార్చమనీ, ఆనాడు వాడుతున్న మందులను రిపోర్టులోనే రాయమనీ ముందే అడగండి. మేము కొత్త ఫలితం పట్టుకెళ్ళి పాత రిపోర్టును సవరించమంటే, ఇచ్చినదాన్ని మార్చే పద్ధతి లేదన్నారు. బావగారి ఫైలులో ఇప్పటికీ ఆ 17 అలాగే ఉంది.